తోరణమా, కమానా?

నల్లగొండ జిల్లాలో మా ఊరి మలుపు దగ్గర కొత్తగా కమాన్ కట్టారు. దాని మీద 'స్వాగత తోరణం' అని రాయించారు. తోరణం అంటే పండక్కి దర్వాజకు కట్టే మామిడాకులు కదా! ఇంత సిమెంటు కట్టడాన్ని అలా అనొచ్చా?

— అనొచ్చన్నా, రాయించినవాళ్లది తప్పేం లేదు. అమరకోశంలో 'తోరణోఽస్త్రీ బహిర్ద్వారం, పురద్వారం తు గోపురమ్' అని ఉంది. బయటి ద్వారమే తోరణం. ఇంకో తమాషా చూడండి, అమరం ప్రకారం గోపురం అంటే ఊరి వాకిలి! ఓరుగల్లు కోటలో కాకతీయులు నిలిపినవి తోరణాలే. 2014లో వచ్చిన రాష్ట్ర చిహ్నంలో ఉన్నదీ అదే. స్తంభాల మీద అడ్డంగా తిన్నటి రాతి దూలం, కింద వేలాడే తామర మొగ్గలు, పైన హంసలు. కమాన్ సంగతి వేరు. ఫారసీలో ఆ మాటకు విల్లు అని అర్థం, చార్‌కమాన్‌లో వినపడేది ఆ మాటే. వంపు తిరిగితేనే కమాన్. మీ ఊరిదానికి వంపు ఉందా?

— లేదు సార్. పిల్లర్లు, పైన స్లాబు, స్లాబు నడుమ గజలక్ష్మి, అటూ ఇటూ ఏనుగులు. మీ లెక్కన తోరణమే! అయినా బస్సులో మాత్రం 'కమాన్ కాడ ఆపన్నా' అనే అంటాం, ఇంకోటంటే కండక్టర్‌కు సమజ్ కాదు.

— వాడుకదే గెలుపు, నేను కాదనను. ఆ నడుమ బొమ్మ గురించి ఒక మాట. శిల్పశాస్త్రంలో దాన్ని లలాటబింబం అంటారు. లలాటం అంటే నుదురు, ద్వారానికి నుదుటి భాగమన్నమాట. కాకతీయుల కాలపు శివాలయాల్లోనూ అక్కడ తరచుగా గజలక్ష్మే ఉంటుంది. శివుడి గుడికి లక్ష్మి ఏంది అని అడిగేవాళ్లుంటారు; ఆమె అక్కడ మూలదేవత గుర్తుగా కాదు, లోపలికి వచ్చేవాళ్లకు శుభంగా ఉంది. మా పాలమూరు వైపు పాత టేకు దర్వాజల మీదా అదే లక్ష్మి. ఏటేటా వార్నిష్ పూసి పూసి ఏనుగుల తొండాలు పూడిపోయి ఉంటాయి, వేలితో తడిమితే గాని తెలియవు. మన వడ్లాయన దగ్గరికి పోయి 'లలాటబింబం చెక్కు' అంటే ఎగాదిగా చూస్తాడు. 'దర్వాజ మీద లచ్చిందేవి' అంటే చాలు, ఎంత సైజు అని అడుగుతాడు.