1971లో ఖుక్రీ యుద్ధనౌకతో పాటు పోయిన నావికుడి పేరు ఎక్కడ చెక్కి ఉంటుంది?

పెదవాల్తేరు మనవడు అడిగారు:

మా అమ్మమ్మకి అక్క ఉంది. పెద్దమ్మమ్మ అంటాం. వయసు డెబ్బై నాలుగు. ఆవిడ భర్త ఐఎన్‌ఎస్ ఖుక్రీలో, ఇంజన్ రూమ్‌లో పనిచేసేవారు. 1971 డిసెంబర్ 9 రాత్రి డయ్యూ దగ్గర సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ఆ నౌకని ముంచేసింది. 194 మంది పోయారు. అప్పటికి వీళ్ల పెళ్లయి పద్నాలుగు నెలలు.

ఆ రోజు గురువారం. మార్గశిర గురువారం అంటే మన విశాఖ వాళ్లకి చెప్పక్కర్లేదు కదా. పెద్దమ్మమ్మ తెల్లారకుండానే తలంటు పోసుకుని, బురుజుపేట వెళ్లి, కనకమహాలక్ష్మి అమ్మవారికి తన చేత్తోనే పసుపు కుంకుమ పెట్టి వచ్చింది. అంతకు ఐదారు రోజుల ముందే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరం దగ్గరే పేలిపోతే, ఆ పేలుడికి ఊళ్లో కిటికీలు అదిరాయి. రాత్రిళ్లు దీపాలు ఆర్పేసి పడుకునేవారట. "యుద్ధం మన గుమ్మంలోకే వచ్చేసింది, ఆయన బొంబాయి వైపు ఉన్నాడు, ఆయనకేం ఫర్వాలేదనుకున్నానురా" అంటుంది.

టెలిగ్రాంలో 'మిస్సింగ్' అని వచ్చింది. చదివి పెట్టిన మాస్టారు 'తప్పిపోయాడు' అని చెప్పారట. తప్పిపోయినవాడు దొరకడా? పైగా 67 మందిని కాపాడారని కూడా తెలిసింది. ఆ 67 పట్టుకుని ఆవిడ మూడేళ్లు సూత్రాలు తియ్యలేదు. చివరికి పెద్దవాళ్లే దర్భలతో బొమ్మ చేయించి కర్మ జరిపించారు. ఆ రోజు ఆవిడ గదిలోంచి బయటికి రాలేదు. బురుజుపేట గుడికి మళ్లీ ఎప్పుడూ వెళ్లలేదు. అమ్మవారి మీద కోపమా అని అడిగాను ఒకసారి. "కోపం కాదురా, మొహమాటం" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఆయన ఉత్తరం ఒకటి రేకు పెట్టెలో ఉంది, ఇన్‌లాండ్ లెటర్. ప్రేమా గీమా ఏమీ లేదు అందులో. పంపిన కందిపొడి నౌకలో చుట్టుపక్కల పడకల వాళ్లు రెండ్రోజుల్లో ఊదేశారు, ఈసారి ఎక్కువ పంపు అని రాశారు.

మొన్న నేవీ డేకి బీచ్‌కి తీసుకెళ్లాను. 'విక్టరీ ఎట్ సీ' యుద్ధ స్మారకం దగ్గర పెట్టిన దండలు చూసి "ఇక్కడ ఆయన పేరుందేటి?" అంది. యాభై నాలుగేళ్లలో ఇలా అడగడం ఇదే మొదటిసారి. పేరు ఎక్కడుంటుంది? ఆవిణ్ణి తీసుకెళ్లి చూపించొచ్చా?

గాజువాక, రిటైర్డ్ నేవీ:

ముందు ఆ తల్లికి నా నమస్కారం చెప్పండి బాబూ.

'విక్టరీ ఎట్ సీ' 1996లో కట్టింది, మొత్తం 1971 విజయానికి గుర్తు. పేరు ఢిల్లీలో చూడొచ్చు. ఇండియా గేట్ పక్కన జాతీయ యుద్ధ స్మారకం ఉంది, 2019లో ప్రారంభించారు. అందులో 'త్యాగ చక్ర' గోడల మీద పాతిక వేలకు పైగా పేర్లు గ్రానైట్‌లో చెక్కారు. మీరు గోడలన్నీ వెతకక్కర్లేదు, అక్కడి తెర మీద పేరు కొడితే ఎక్కడుందో చూపిస్తుంది. పెన్షన్ కాగితాలు తీసి ఆయన సర్వీస్ నంబర్ రాసుకోండి. సాయంత్రం పూట అమరుల్లో ఒకరి కుటుంబం చేత పుష్పగుచ్ఛం పెట్టిస్తారు. దాని కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కనుక్కోండి.

డయ్యూలోనూ స్మారకం ఉంది. సముద్రానికి ఎదురుగా గుట్ట మీద, అద్దాల గదిలో ఖుక్రీ నమూనా. ఆ నౌక కెప్టెన్ ముల్లా తన లైఫ్‌జాకెట్ ఇంకొకరికి ఇచ్చేసి నౌకతోనే మునిగిపోయారు. ఆ కథ వినని నావికుడు ఉండడు.

ఇంకొకటి. ఖుక్రీ పేరుతోనే రెండో నౌక 1989లో వచ్చింది. 32 ఏళ్లు పనిచేసింది. 2021 డిసెంబర్ 23న దాన్ని సాగనంపింది ఎక్కడనుకున్నారు? మన విశాఖలోనే. తర్వాత మ్యూజియంగా పెట్టడానికి డయ్యూకే ఇచ్చారు.

మర్రిపాలెం నుంచి:

ఈ వయసులో ఢిల్లీ, డయ్యూ ఎందుకండీ? అక్కడెవరైనా ఉంటే ఫోటో తీయించి చూపించండి. బీపీ ఉంటే మీకూ టెన్షన్, ఆవిడకీ టెన్షన్.

భీమిలి టీచర్:

పై ఆయన మాట నేను ఒప్పుకోను. మా బాబాయి కూడా సరిహద్దులో పోయారు. ఊళ్లో విగ్రహం పెట్టారు, దానికి మీసం పెట్టారు. బాబాయికి మీసం లేదు. పిన్ని ఆ వీధిలో నడవదు, చుట్టూ తిరిగి వెళ్తుంది. అదే పేరు చెక్కిన రాయి దగ్గరికి తీసుకెళ్తే, కొంగుతో దుమ్ము తుడిచి, అక్షరం అక్షరం చేత్తో తడుముకుంది. అంతకుముందు ఫోటో చూపిస్తే "ఊఁ" అని పక్కన పెట్టేసింది. ఎక్కడికి వెళ్లాలో మీ పెద్దమ్మమ్మనే అడగండి, మీరు నిర్ణయించకండి.

పెదవాల్తేరు మనవడు:

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి భోజనాలయ్యాక చెప్పాను. ఢిల్లీ అనగానే "చలి" అంది, అక్కడితో ఆ మాట అయిపోయింది. రెండో ఖుక్రీ సంగతి చెబితే మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇక్కడికొచ్చి ఎల్లిపోయిందా? ఒక్కరూ చెప్పలేదేటిరా" అని నన్నే తిట్టింది, నేనేదో దాచినట్టు.

డయ్యూ వెళ్దామంది. ముంబై మీదుగా టికెట్లు చూస్తున్నాను. ఏ రోజైనా సరే, గురువారం మాత్రం బయల్దేరొద్దంది.