సర్కారు తుమ్మ: వేళ్లతో పెకలించాలా, కొట్టి మొదలుకు మందు పూయాలా?

మెట్టసాగు:
బీడు పొలంలోనూ, ఆనుకుని ఉన్న చెరువు కట్ట మీదా సర్కారు తుమ్మ అల్లుకుపోయింది. జేసీబీ పెడితే ఒక్కసారితో పోతుందని కొందరు, కొట్టి మొదలుకు మందు పూస్తే చాలని కొందరు అంటున్నారు. ఏది పనికొస్తుంది?

కంపకోత:
ముందు చెట్టు అదేనా చూసుకోండి. దీన్ని కొట్టబోయి జమ్మిని కొట్టేవాళ్లున్నారు. సర్కారు తుమ్మ ముళ్లు ఆకు పుట్టే కణుపు దగ్గర, ఎక్కువగా జంటగా ఉంటాయి. జమ్మి ముళ్లు చిన్నవి, కణుపుల మధ్య చెదురుగా ఉంటాయి. నల్లతుమ్మకైతే పసుప్పచ్చని గుండ్రటి పూలు, నొక్కులు నొక్కులుగా కాయ. సర్కారు తుమ్మ పూత పొడవాటి కంకి, పండిన కాయ లేత పసుపు.
పొలంలో అయితే జేసీబీయే. చిగురించే మొగ్గలు వేరు పైభాగంలో, నేలకు కాస్త కిందే ఉంటాయి. నేలమట్టంగా నరికితే ఒక్క కాండం పోయి గుబురు లేస్తుంది. అడుగు లోతున వేరు తెగాలి. వాన పడి నేల మెత్తబడ్డాక, కాయ పండకముందే చేయించండి.

కట్టపని:
పొలానికి సరే, కట్ట మీద మాత్రం జేసీబీ వద్దు. వేరు లాగితే మట్టి వదులై, చెరువు నిండినప్పుడు ఊట అక్కడే మొదలవుతుంది. చిన్న మొక్కల్ని గడ్డపారతో అడుగు లోతున తెంపి, గుంతను తడి బంకమట్టితో పొరలు పొరలుగా దిమ్మిస కొట్టాలి. పెద్ద చెట్లతో చిక్కేమంటే, కొట్టి వదిలేసినా వేళ్లు కుళ్లి లోపల దారులు పడతాయి. అవి నీటిపారుదల ఇంజినీరు చూడకుండా ముట్టుకోవద్దు.

మందుబాట:
అంత తవ్వకం కూలీ ఎవరిస్తారండీ? కొట్టగానే మొదలుకు గ్లైఫోసేట్ అనే కలుపు మందు పూస్తే పోయేదానికి!

కంపకోత:
"కొట్టగానే" అన్నారే, అక్కడే అందరూ తప్పుతారు. కోసిన నిమిషాల్లో బెరడు లోపలి అంచు చుట్టూ పూయాలి. పొద్దున కొట్టి సాయంత్రం పూస్తే కోత ఆరిపోయి లోపలికి ఎక్కదు. పైగా 2022లో కేంద్రం గ్లైఫోసేట్ వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే, అంటే పురుగుమందులు కొట్టే పనికి లైసెన్సున్నవాళ్లకే, పరిమితం చేసింది. రైతు సొంతంగా వాడమని సలహా ఇవ్వకూడదు, అందులోనూ చెరువు పక్కన.

మేకలమంద:
అసలు ఎందుకు తీయాలి? 1870లలో కడప జిల్లా కమలాపురంలో నాటించింది వంటచెరకు కోసమే. ఇవాళ్టికీ బొగ్గు బట్టీలకు ఇదే దిక్కు, ఎండాకాలం మేకలకు మేత ఈ కాయే.

మెట్టసాగు:
బొగ్గుకు పనికొస్తే బొగ్గువాళ్లనే కొట్టి తీసుకుపోనివ్వచ్చుగా అన్నా?

కట్టపని:
బొగ్గువాళ్లకు మొదలు చిగురించడమే కావాలి, మళ్లీ కోతకొస్తుంది. అందుకే లోతుగా కోయరు. ఇవ్వాలనుకుంటే వేరు తీసే షరతు ముందే పెట్టుకోండి.
కాయ సంగతి: ఆవులు, గేదెలు మింగిన గింజ చాలావరకు పేడలో బతికే బయటికొస్తుంది, మొలకకు పేడే ఎరువు. మేకలు నమిలి కొంత నాశనం చేస్తాయి, అదీ పూర్తిగా కాదు. కాయ తిన్న మందను శుభ్రం చేసిన పొలంలోకి వారం పాటు తోలకండి. కాయలే మేత చేయకుండా, గింజ నలిగేలా మర పట్టించి దాణాలో కొంత కలపండి.

కంపకోత:
ఇంకోటి. నేలలో మిగిలిన గింజ ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటుంది. తొలకరికి దున్ని ఉలవ గానీ జనుము గానీ ఒత్తుగా చల్లండి, నీడలో ఈ మొలక గట్టిగా ఎదగదు. మిగిలినవాటిని జానెడు దాటకముందే తడి నేలలో చేత్తో లాగేయాలి. కొట్టిన కంపను కాయలతో సహా కంచెకు ఈడ్చుకెళ్తే మాత్రం, దారి పొడుగునా విత్తనం వేసినట్టే.