అప్‌డేట్: ట్రంప్ దక్షిణాసియా ప్రసంగం, ఎవరేమన్నరో తేలింది

2017 ఆగస్టు 21న అమెరికాలోని ఫోర్ట్ మయర్ సైనిక స్థావరంలో ట్రంప్ చేసిన అఫ్ఘాన్, దక్షిణాసియా ప్రసంగంపై స్పందనలను గ్రూప్-1 మెయిన్స్‌లో ఎట్ల రాయాలని అడిగిన కదా. చెప్పిన అన్నలకు, అక్కలకు థ్యాంక్స్. అధికారిక ప్రకటనలనే తేదీలవారీగా పెట్టుకోమన్న సలహా పనికొచ్చింది.

నల్గొండ లైబ్రరీలో పాత పేపర్లు తిరగేస్తే వరుస దొరికింది. కాబూల్, ఢిల్లీ స్వాగతించినయి. చైనా పాకిస్తాన్‌ను వెనకేసుకొచ్చింది. పాక్ జాతీయ భద్రతా కమిటీ ఉగ్రవాదులకు ఆశ్రయమిస్తున్నదన్న ట్రంప్ ఆరోపణలను 24న తిప్పికొట్టింది, 30న జాతీయ అసెంబ్లీ తీర్మానం చేసింది.

మార్కులు పోయేది ఢిల్లీ దగ్గరే. మనోళ్లు స్వాగతించింది ఉగ్రవాద స్థావరాల మీది మాటను. ఇండియా అమెరికాతో వ్యాపారంలో బాగా సంపాదిస్తున్నది కాబట్టి అఫ్ఘాన్‌కు ఇంకా సాయం చేయాలన్నడు ట్రంప్. పునర్నిర్మాణ సాయం కొనసాగిస్తమని ఢిల్లీ తన పాత విధానాన్నే చెప్పింది. స్వాగతించిన మాట, సాయం మాట రెండూ విడివిడిగా రాయాలె.

అఫ్ఘాన్‌లో అమెరికా సైనికుల సంఖ్య వెతకడం దండగ, ఆ లెక్క చెప్పనని ట్రంప్ ప్రసంగంలోనే అన్నడు. టీవీ చర్చలూ అక్కరకు రాలేదు.