గుంటూరులో సరీసృపాల దుకాణం, వాటికి పిల్లలు పుట్టించే పని: రోజువారీ శ్రమ ఎలా ఉంటుంది?

ప్రశ్న (అరండల్‌పేట చేపల దుకాణం, గుంటూరు)

అందరికీ నమస్కారం. గుంటూరు అరండల్‌పేటలో పదకొండేళ్లుగా అక్వేరియం చేపలు, పంజరపు పక్షులు అమ్ముతున్నాను. ఈమధ్య దుకాణానికి వచ్చే కుర్రవాళ్లు బాల్ పైథాన్, కార్న్ స్నేక్ అనే విదేశీ పాములు, ఇగ్వానా అనే పెద్ద బల్లి ఉన్నాయా అని తరచుగా అడుగుతున్నారు. నాకు కూడా చిన్నతనం నుంచి పాములంటే భయం కంటే ఆసక్తే ఎక్కువ కనుక ఈ వైపు మళ్లాలన్న కోరిక చాలాకాలంగా ఉంది.

హైదరాబాదులో ఒక పరిచయస్తులు తమ దగ్గరున్న నాలుగు ఆడ బాల్ పైథాన్లను, రెండు మగవాటిని, ఒక ఇగ్వానా జతను పెట్టెలతో సహా నాకు ఇచ్చేస్తామంటున్నారు. కాగితాల సంగతి తరువాత చూసుకుందాం, ముందు తీసుకువెళ్లండి అన్నది వారి మాట. దుకాణం వెనుక పడమటి గోడ వైపు ఒక చిన్న గది ఖాళీగా ఉంది. అందులో వాటిని ఉంచి జత కట్టించి పిల్లలు పుట్టించవచ్చని అనుకుంటున్నాను. ఈ పనిలో ఉన్నవారి రోజు ఎలా గడుస్తుందో, మన ఎండల్లో ఇది సాధ్యమేనో, నేను చూడకుండా వదిలేస్తున్నది ఏమైనా ఉందో దయచేసి చెప్పగలరు.

సమాధానం (సింగ్ నగర్, విజయవాడ)

నమస్కారమండీ. తొమ్మిదేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కనుక, మీరు చివర అడిగిన దాని నుంచే మొదలుపెడతాను. మీరు చూడకుండా వదిలేస్తున్నది మధ్యాహ్నపు ఎండకు కాగే ఆ పడమటి గోడ.

బాల్ పైథాన్లను మన దగ్గర చలికాలంలో, అంటే కార్తీకం నుంచి మాఘం దాకా, జత కట్టిస్తాము. గుడ్లు మార్చి, ఏప్రిల్ నెలల్లో పెడతాయి. ఒక్కొక్క ఆడది సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది గుడ్లు పెడుతుంది. అవి 31 నుంచి 32 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 55 నుంచి 60 రోజులు పొదగాలి. లెక్క వేసి చూడండి, ఆ గుడ్లు ఇంక్యుబేటరులో ఉండే రోజులు సరిగ్గా రోళ్లు పగిలే రోహిణి కార్తెలో పడతాయి. చలి దేశాల వారు రాసిన సలహాలన్నీ ఇంక్యుబేటరును ఎలా వేడి చేయాలో చెబుతాయి, మనకు కావలసింది దానిని వేడెక్కకుండా కాపాడడం. మామూలు ఇంక్యుబేటరులోని థర్మోస్టాట్ హీటరును ఆపగలదే తప్ప పెట్టెను చల్లబరచలేదు, కనుక గదిలో 40 డిగ్రీలు ఉంటే పెట్టెలోనూ 40 అవుతుంది.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్నాను. మొదటి సంవత్సరం మే నెలలో ఒక మధ్యాహ్నం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి నాలుగు గంటలు కరెంటు లేదు. నేను బయట ఊరిలో ఉన్నాను. తిరిగి వచ్చి చూసేసరికి ఇంక్యుబేటరులో 37 డిగ్రీలు ఉంది. ఏడు గుడ్లలో ఆరు పాడైపోయాయి, ఏడవ దాని నుంచి వెన్ను వంకర తిరిగిన పిల్ల వచ్చింది. ఆ పిల్లను నేను ఎవరికీ అమ్మలేదు, ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇప్పుడు నేను చేసేది ఇది. గది మొత్తాన్ని ఏసీతో 27 డిగ్రీల వద్ద ఉంచి, అందులో మందపాటి థర్మాకోల్ పెట్టెను ఇంక్యుబేటరుగా పెట్టి, దాని అడుగున నీళ్లు నింపిన సీసాలు వరుసగా పేరుస్తాను. సీసాల్లోని నీరు వేడిని నెమ్మదిగా తీసుకుని నెమ్మదిగా వదులుతుంది కనుక కరెంటు పోయినా పెట్టెలోని వేడి వెంటనే మారదు. ఆ వ్యవధిలో జనరేటరు వేసుకోవచ్చు. గుడ్లను తీసేటప్పుడు ఏ వైపు పైకి ఉందో పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి, అదే వైపు పైకి ఉండేలా వర్మిక్యులైట్ (తేమను పట్టి ఉంచే ఖనిజపు పొడి) మీద ఉంచాలి. కోడి గుడ్లను పొదిగించినవారికి వాటిని తిప్పడం అలవాటు, పాము గుడ్డును మాత్రం తిప్పకూడదు, తిప్పితే లోపలి పిండం చనిపోయే ప్రమాదం ఉంది.

ఇక రోజు సంగతి. ఉదయం ఆరు గంటలకు ఏ పెట్టెనూ ముట్టుకోకముందే, రాత్రి అత్యధికంగా ఎంతకు వెళ్లిందో, అత్యల్పంగా ఎంతకు దిగిందో చూపే థర్మామీటర్లను చదివి పుస్తకంలో రాస్తాను. తరువాత నీటి గిన్నెలు కడగడం, మురికి తీయడం, కుబుసం విడిచిన పాముల కళ్ల మీద పాత పొర మిగిలిందేమో చూడడం, ఇగ్వానాలకు ఆకుకూరలు తరగడం. బాల్ పైథాన్లు రాత్రి తిరిగే జీవులు కనుక వాటికి తిండి సాయంత్రం పొద్దు పోయాక పెడతాను. వారానికి ఒకసారి ప్రతి దానిని తూకం వేస్తాను. దుకాణంలో కొనేవారితో మాట్లాడే సమయం వీటన్నిటి కంటే తక్కువ, కానీ మనసు అలసిపోయేది అక్కడే. వచ్చే పది మందిలో ఎక్కువమంది పామును మెడలో వేసుకుని ఫోటో తీయించుకోవాలని వస్తారు. వారికి అమ్మడం కన్నా వారిని నొప్పించకుండా వెనక్కి పంపడానికే ఎక్కువ ఓపిక కావాలి.

సమాధానం (న్యాయవాది, గవర్నర్‌పేట, విజయవాడ)

ప్రశ్న అడిగినవారు "కాగితాలు తరువాత" అన్న మాటకు ఒప్పుకోవద్దని గట్టిగా కోరుతున్నాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం సైటీస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) అనుబంధాలలో ఉన్న విదేశీ జీవులు చట్టంలోని నాలుగవ షెడ్యూలులోకి వచ్చాయి. బాల్ పైథాన్, గ్రీన్ ఇగ్వానా రెండూ సైటీస్ రెండవ అనుబంధంలో ఉన్నవే. ఇటువంటి జీవులు ఎవరి దగ్గర ఉన్నా నమోదు చేయించాలని 2024 ఫిబ్రవరి 28న కేంద్రం నియమాలు ప్రకటించింది. అప్పటికే ఉన్నవాటికి ఆరు నెలల గడువు ఇచ్చారు, తరువాత చేతికి వచ్చిన వాటిని 30 రోజుల లోపల పర్యావరణ మంత్రిత్వ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్ ద్వారా నమోదు చేయించాలి. యాజమాన్యం మారినా, పిల్లలు పుట్టినా, జీవి మరణించినా తెలియజేయాలి. అంటే మీరు పొదిగించిన ప్రతి పిల్లా అధికారుల లెక్కలోకి రావాలి.

హైదరాబాదు వారిని రెండు ప్రశ్నలు అడగండి. 2020లో పర్యావరణ మంత్రిత్వ శాఖ స్వచ్ఛంద వెల్లడికి అవకాశం ఇచ్చినప్పుడు వారు ఈ జీవులను ప్రకటించారా? 2024 నియమాల కింద నమోదు చేయించారా? ఈ రెండింటికీ కాగితం చూపలేనివారి దగ్గర తీసుకుంటే వారి తప్పు మీ తప్పు అవుతుంది. వీటికి తోడు 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నియమాల కింద రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర దుకాణం నమోదై ఉండాలి, అది మీకు ఇప్పటికే ఉందేమో చూసుకోండి.

మరొక మాట. మీరు సరీసృపాలు పెడుతున్నారని తెలియగానే ఎవరో ఒకరు నక్షత్ర తాబేలును గుడ్డసంచిలో పెట్టుకుని వస్తారు. ఇంట్లో ఉంటే కలిసి వస్తుందన్న నమ్మకంతో కొనేవారు కూడా ఉన్నారు. అది మన రాయలసీమ పొదల్లో తిరిగే మన దేశపు జీవి, మొదటి షెడ్యూలులో ఉంది. దానితో వ్యాపారం చేస్తే మూడు నుంచి ఏడేళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. ఉడుము, కొండచిలువ సంగతీ అంతే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. హైదరాబాదు వారికి ఫోన్ చేసి అడిగాను. నాలుగు ఆడవాటిలో రెండింటికి, ఒక మగదానికి నమోదు ఉందట, మిగిలిన వాటి గురించి స్పష్టంగా చెప్పలేదు. ఆ మూడింటినైనా తీసుకోవచ్చా? ఇగ్వానాలు శాకాహారులు కనుక వాటిని పెంచడం తేలిక అని విన్నాను, అది నిజమేనా?

సమాధానం (పశువైద్యురాలు, గన్నవరం)

ఇగ్వానా తేలిక అన్న మాట వల్లనే నా దగ్గరకు వచ్చే ఇగ్వానాల్లో ఎక్కువ భాగం దవడ మెత్తబడి, కాళ్లు వంగిపోయి వస్తున్నాయి. ఇది ఎముకల జబ్బు. సూర్యకాంతిలోని యూవీబీ కిరణాలు చర్మం మీద పడితేనే వాటి ఒంట్లో డి3 విటమిను తయారవుతుంది, అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. అద్దాల కిటికీ పక్కన ఎండలో పెట్టాము కదా అంటారు, కానీ మామూలు అద్దం ఆ కిరణాలను దాదాపుగా ఆపేస్తుంది. యూవీబీ ట్యూబు పెట్టినవారు కూడా వెలుగు కనిపిస్తోంది కదా అని ఏళ్ల తరబడి మార్చరు. వెలుగు అలాగే ఉన్నా ఆ కిరణాలు ముందే తగ్గిపోతాయి, కనుక తయారీదారు చెప్పిన గడువుకు, ఎక్కువగా ఆరు నెలలకో సంవత్సరానికో, మార్చవలసిందే. తిండిలో పాలకూర రోజూ పెడితే అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. మునగాకు మన ఊళ్లలో పెరట్లోనే దొరుకుతుంది, కాల్షియం బాగా ఉన్న ఆకు, దానిని ఇతర ఆకులతో కలిపి పెట్టండి.

అరచేతిలో ఇమిడే పచ్చని పిల్లను చూసి కొంటారు, కానీ అది తోకతో కలిపి అయిదడుగుల దాకా పెరుగుతుంది. అప్పుడు దానికి గదంత పంజరం కావాలి. ఈ మాట అమ్మేముందే చెప్పే దుకాణదారు మాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇంటికి అమ్మేటప్పుడు సాల్మొనెల్లా గురించి కూడా తప్పక చెప్పండి. సరీసృపాలు ఆరోగ్యంగా కనిపిస్తూనే ఆ సూక్ష్మజీవిని మోస్తాయి. అమెరికాలో నాలుగు అంగుళాల కంటే చిన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975 నుంచి నిషేధించడానికి కారణం, పిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని జబ్బు పడడమే. నీటి గిన్నెలను వంటింటి సింకులో కడగకూడదు, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి.

సమాధానం (బ్రాడీపేట, గుంటూరు)

అన్నయ్యగారూ, మన ఊరి దానిని కనుక ఒక మాట చెబుతాను. నేను పాములు అమ్మను, వాటిని పెంచేవారికి ఎలుకలు పెంచి ఇస్తాను. తిండి సంగతి ముందు కుదుర్చుకోకుండా పాములను తెచ్చుకోవద్దు. ఎలుక చూలు 21 నుంచి 23 రోజులే, ఒక ఈతకు పది వరకు పిల్లలు వస్తాయి, కనుక పెంచడం కష్టం కాదు. కష్టమంతా వాసనతోనే. రెండు రోజులు పొట్టు మార్చకపోతే పక్క ఇంటివారు గొడవకు వస్తారు, వారిది తప్పు కూడా కాదు. పైగా 35 డిగ్రీలు దాటితే పాము కంటే ముందు ఎలుక చచ్చిపోతుంది. మా ఇంటి యజమాని, నేను ఎలుకలు పెంచుతున్నానని తెలిసి ఊరుకున్నారు గానీ, పాము అన్న మాట వినగానే ఇల్లు ఖాళీ చేయమన్నారు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనుషులే ఇంట్లో పాము అంటే ఒప్పుకోరు. మీ దుకాణం యజమానితో ముందే మాట్లాడి, రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి.

సమాధానం (సింగ్ నగర్, విజయవాడ)

బ్రాడీపేట అమ్మాయి చెప్పిన తిండి మాట ఎంత నిజమో నాకు 2024 సెప్టెంబరు 1న తెలిసింది. బుడమేరు నీరు మా వీధిలోకి వచ్చినప్పుడు పాముల పెట్టెలన్నింటినీ ఇద్దరం మేడ మీదకు మోసుకుపోయాము. పెద్ద పాములు వారాల తరబడి తిండి లేకుండా ఉండగలవు, వాన వల్ల వాతావరణం చల్లబడి ఉంది, కనుక కరెంటు లేని ఆ రోజుల్లో ఒక్క పామూ చనిపోలేదు. కింద ఉన్న ఎలుకలు, మిడతల డబ్బాలు మాత్రం అన్నీ పోయాయి. కొత్తగా పుట్టిన పాము పిల్లలు పెద్దవాటిలా ఓర్చుకోలేవు, వాటికి పింకీల (అప్పుడే పుట్టిన, బొచ్చు రాని ఎలుక పిల్లల) కోసం ఏలూరు దాకా వెళ్లవలసి వచ్చింది. అప్పటి నుంచి నెలకు సరిపడా ఎలుకలను వేరే ఇంట్లో డీప్ ఫ్రీజరులో ఉంచుతున్నాను.

ఇక మీ ప్రశ్న. ఆ మూడింటినీ, యాజమాన్యం మీ పేరుకు మారిన తరువాత, తీసుకోండి. ఇగ్వానాలను వదిలేయండి. మొదటి సంవత్సరం జత కట్టించవద్దు. కొత్త చోటుకు వచ్చిన బాల్ పైథాన్ నెలల తరబడి తినకపోవచ్చు. ఆడది గుడ్లు పెట్టాలంటే కనీసం కిలోన్నర తూగాలి, గుడ్లు పెట్టాక ఆ బరువులో చాలా భాగం కోల్పోతుంది. ఒక వేసవి అంతా ఆ గదిలో ఉత్త నీళ్ల సీసాలు, థర్మామీటరు పెట్టి ఇంక్యుబేటరును నడిపి చూడండి. మే నెలలో పది రోజుల పాటు అది 31 నుంచి 32 మధ్య నిలబడితే అప్పుడు గుడ్ల గురించి ఆలోచించవచ్చు.

మీరు అమ్మే ప్రతి జీవినీ, కొన్నవారు ఎప్పుడు వద్దన్నా తిరిగి తీసుకుంటానని బిల్లు మీదే రాసి ఇవ్వండి. బాల్ పైథాన్ ఇరవై, ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. కొన్న విద్యార్థి ఉద్యోగానికి బెంగళూరు వెళతాడు, పెళ్లి చేసుకుంటాడు, ఇంట్లో వాళ్లు వద్దంటారు. తిరిగి ఇచ్చే చోటు లేకపోతే దానిని తీసుకువెళ్లి కాలువలోనో పొలంలోనో వదులుతారు. ఎర్రచెవుల తాబేళ్లను బందరు కాలువలోకి వదిలేశామని నాకే ఎందరో చెప్పారు, అవి మన తాబేళ్ల తిండినీ చోటునూ ఆక్రమిస్తాయి. ఈ హామీ ఇస్తే ఏటా కొన్ని పాములు వెనక్కి వస్తాయి, వాటికి పెట్టెలు కావాలి. పాముల పెట్టెలు పేర్చే నా అరల స్టాండులో ఎనిమిది పెట్టెలు ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాను. ఎన్ని గుడ్లు పొదిగించాలో ఆ ఖాళీ పెట్టెలను బట్టే నిర్ణయించుకుంటాను.

ప్రశ్న అడిగినవారు

పడమటి గది ఆలోచన మానుకున్నాను. మెట్ల కింద తూర్పు వైపు ఉన్న సామాను గదిని ఖాళీ చేయించి, ఇవాళ అందులో థర్మామీటరు పెట్టాను. మధ్యాహ్నం మూడు గంటలకు 34 చూపించింది. బ్రాడీపేట చెల్లెమ్మా, మీరు ఎలుకలకు పొట్టు ఏ అడితీ నుంచి తెప్పిస్తారో చెబితే రేపే వెళ్లి మాట్లాడతాను.