పండక్కి అందరూ ఇంట్లో ఉన్నప్పుడు ఆస్తి మాట ఎత్తొచ్చా?

తణుకుపిల్ల: నాన్న పోయి ఏడాదిన్నర. పోయిన సంక్రాంతి ఏటిసూతకంలోనే గడిచిపోయింది, ఈసారి అన్నయ్యలిద్దరూ నేనూ ఊరెళ్తున్నాం. తాతయ్య నుంచి వచ్చిన నాలుగెకరాలు ఇంకా నాన్న పేరు మీదే ఉన్నాయి, వీలునామా లేదు. నా వాటా సంగతి అడగాలి. ముగ్గురం మళ్లీ ఒకచోట కలిసేది ఎప్పుడో తెలీదు. భోగి నాడు అడగనా, పండగయ్యాక ఫోన్లో అడగనా?

కృష్ణలంక: భోగి వద్దు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, ఎవరూ బండెక్కరు. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని మాట్లాడుకోండి.

ఇంటిపెద్దకొడుకు: పండగ పూట వద్దే వద్దండీ. పిల్లలు ఏడాదికోసారి కలిసేది. మీ వదినలు నాలుగు రోజులుగా అరిసెలు వండి, వచ్చినవాళ్లందరికీ వడ్డించి నడుం పడిపోయి ఉంటారు, అప్పుడు మీరు పాస్‌బుక్ ఏదీ అంటే ఇక అది పండగా? మా ఇంట్లో ఇదే అయింది. ఆ రోజు మా అమ్మ వండిన గారెలు ఎవరూ ముట్టలేదు. ముందు అన్నలిద్దరికీ విడివిడిగా ఫోన్ చేసి చెవిన వేయండి, ఆలోచించుకోనివ్వండి.

ములుగురోడ్డు: కనుమ నాడు కోడికూర, మందు. తాగినోళ్లతో భూమి ముచ్చటనా? ముక్కనుమ పెట్టుకోండి.

కృష్ణలంక: మా ఇంట్లో ఎవరూ తాగరు. ముక్కనుమకి సగం మంది బస్సుల్లో ఉంటారు.

సంతకంపెట్టినదాన్ని: మంచి టైము చూసుకోమని చెప్పేది ఎప్పుడూ ఆడపిల్లకే. మా నాన్న పోయిన పదకొండో రోజు, ఇంటినిండా చుట్టాలు, నా కళ్లు వాచిపోయి ఉన్నాయి, మా తమ్ముడు కాగితాలు పట్టుకొచ్చి ‘పాస్‌బుక్‌లో పేరు మార్పించాలక్కా’ అన్నాడు. మర్నాడే రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్లాడు. అది నా హక్కు వదులుకున్న పత్రమని మూడేళ్ల తర్వాత తెలిసింది. వాడు ఏ ముహూర్తం చూసుకున్నాడండీ?

ఇంటిపెద్దకొడుకు: మీకు జరిగింది అన్యాయమే. కానీ ఈవిడ అడిగింది ఎప్పుడు మాట్లాడాలని.

సంతకంపెట్టినదాన్ని: నేనూ అదే చెప్తున్నా. విడివిడిగా ఫోన్ చేస్తే అన్నలిద్దరూ ముందే మాట్లాడేసుకుని ఒక్క మాట మీదకి వచ్చేస్తారు. అమ్మ ఎదురుగా, మేనమామ ఎదురుగా అడుగమ్మా. గారెలు చల్లారితే చల్లారాయి.

నల్లకోటు: టైము గొడవ మీరు తేల్చుకోండి, చట్టం మాత్రం వినండి. తాతల ఆస్తిలో కూతుళ్లకీ కొడుకులతో సమానంగా వాటా ఇస్తూ మన రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలో హిందూ వారసత్వ చట్టానికి తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది, కాకపోతే అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకి వర్తించలేదు. 2005 కేంద్ర సవరణతో ఆ తేడా పోయింది. అది అమల్లోకొచ్చిన 2005 సెప్టెంబర్ 9 నాటికి తండ్రి బతికి ఉండాలన్న వాదననీ 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇంకోటి, నాన్నగారి వాటాలో మీ అమ్మగారికీ భాగం ఉంది. ఆ సంగతి ఏ ఇంట్లోనూ ఎవరికీ గుర్తుండదు.

ఇంటిపెద్దకొడుకు: చట్టం తెలియక కాదు సార్. మా నాన్న పక్షవాతం వచ్చి ఆరేళ్లు మంచంలో ఉన్నాడు. పక్క బట్టలు మార్చింది నేనూ నా భార్యా. మా చెల్లెలు రెండుసార్లు వచ్చింది, ఆపిల్ పళ్లు తెచ్చింది. దాని పెళ్లికి కట్నం, బంగారం, ఆడపడుచు లాంఛనాలు అన్నీ ఇచ్చి, ఆ అప్పు నేను తీర్చి, ఇప్పుడు సమానంగా పంచమంటే? భోగి నాడు అడిగినా, ఫోన్లో అడిగినా, ఎప్పుడడిగినా నాకు ఒళ్లు మండుతుంది. నిజం అదీ.

తణుకుపిల్ల: ఇది ముందే చెప్పొచ్చు కదండీ, ఇంతసేపూ అరిసెలు గారెలు అంటూ కూర్చున్నాం. మా పెద్దన్నయ్య మనసులోనూ ఇదే ఉందేమో. అమ్మ ఉండేది వాళ్ల దగ్గరే. నాన్న ఆసుపత్రి బిల్లు ఎంతయిందో నాకు నిజంగా తెలీదు, ఏనాడూ అడగలేదు. వాటా మాట ఎత్తే ముందు ఈ లెక్క నేనే తీయాలేమో.

సంతకంపెట్టినదాన్ని: బిల్లులో నీ వంతు ఇచ్చెయ్, వాటా తీసుకో. రెండూ కలిపావంటే చివరికి నీ చేతికి చీరా జాకెట్టే.

ఇంటిపెద్దకొడుకు: బిల్లెవడిక్కావాలమ్మా. ఆ ఆరేళ్లలో మా ఆవిడ పుట్టింట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. దానికి బిల్లెక్కడ తేను?

సంతకంపెట్టినదాన్ని: పుట్టిల్లంటే గుర్తొచ్చింది. అక్కడ ఆవిడ వాటా ఆవిడకి ఇచ్చారా?

ఇంటిపెద్దకొడుకు: లేదు. ఆవిడ అడగలేదు. మా బావమరిది గృహప్రవేశం వచ్చింది, తర్వాత మామగారికి ఆపరేషన్, తర్వాత మా ఇంట్లో ఈ గొడవ. టైము కుదర్లేదు.

ములుగురోడ్డు: ముక్కనుమ పెట్టుకోమనండి.