దార్ ఎస్ సలామ్‌లో ఉద్యోగం: టాంజానియా ఎలాంటి దేశం?

కృష్ణాతీరం: అకౌంటెంట్ పోస్టుకి దార్ నుంచి ఆఫర్ వచ్చింది. ఆఫ్రికా అనగానే అమ్మ గుండెలు బాదుకుంటోంది. అక్కడ ఉన్నవాళ్లు కాస్త చెప్పండి.

మర్రిచెట్టు: ముందు సైజు చూడండి. దాదాపు 9.45 లక్షల చదరపు కిలోమీటర్లు. మన రెండు రాష్ట్రాలూ కలిపినా అందులో మూడో వంతు రావు. జనాభా మాత్రం 2022 లెక్కల ప్రకారం 6.17 కోట్లే, దాదాపు సగం మంది 18 ఏళ్ల లోపువాళ్లు. రాజధాని దొడోమా, కానీ వ్యాపారమంతా దార్‌లోనే. జాంబియా, రువాండా, తూర్పు కాంగో సరుకు కూడా ఈ రేవులోనే దిగుతుంది. మీలాంటి వాళ్లకి ఉద్యోగాలున్నది అందుకే.

పప్పులబస్తా: నాది పప్పుల దిగుమతి. మనం తినే కందిపప్పులో కొంత అక్కడి కందులదే, తెలుసా? దక్షిణాన లిండి, మ్ట్వారా, ఉత్తరాన మన్యారా వైపు పండిస్తారు. వాళ్లు పెద్దగా తినరు, మన కోసమే వేస్తారు. 2017లో ఇండియా దిగుమతికి పరిమితి పెట్టగానే అక్కడ ధర పడిపోయి రైతులు నానా అవస్థ పడ్డారు. పచ్చి జీడిగింజలు కూడా మన దేశానికి బాగానే వస్తాయి. బంగారం, టూరిజం డాలర్లు తెస్తాయి గానీ, ఎక్కువమంది బతికేది సేద్యం మీదే.

కృష్ణాతీరం: థాంక్సండీ. మరి వాతావరణం?

ఉగాలీ_పప్పుచారు: దార్ అంటే విశాఖే అనుకో తమ్ముడూ, ఉక్కపోత. మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, ఏడాది చివర్లో చిన్న వానలు. ఉత్తరాన ఎత్తు మీదున్న అరూషా వైపు వెళ్తే స్వెట్టర్ కావాలి. నాలుగు ముక్కలు స్వాహిలీ నేర్చుకుని రా, ఇంగ్లిషుతో ఆఫీసు గడుస్తుంది, బజారు గడవదు. టైము దగ్గర జాగ్రత్త: వాళ్ల లెక్క తెల్లవారినప్పటి నుంచి. స్వాహిలీలో ఒంటిగంటకి రమ్మంటే పొద్దున ఏడుకి అన్నమాట! డబ్బంతా ఫోన్లోనే తిరుగుతుంది, కూరగాయలమ్మకి కూడా.

మర్రిచెట్టు: జాంజిబార్ దీవులు కూడా చూసి రండి. 1964లో ప్రధాన భూభాగంతో కలిసినా దానికి వేరే అధ్యక్షుడు, వేరే శాసనసభ. దార్ నుంచి ఫెర్రీలో వెళ్లినా పాస్‌పోర్టు అడుగుతారు. ఐఐటీ మద్రాసు 2023లో అక్కడే క్యాంపస్ తెరిచింది, అమ్మగారికి ఆ మాట చెప్పి చూడండి.

ఉగాలీ_పప్పుచారు: జీతం డాలర్లలోనా, ఇక్కడి షిల్లింగుల్లోనా? వర్క్ పర్మిట్ ఖర్చు ఎవరిది? సంతకం పెట్టకముందే రాయించుకో.