ఎండకు మాడని బడి కట్టాలి, కట్టినవాళ్లు చెప్పండి

పాలమూరు_పిల్లోడు:
మహబూబ్‌నగర్ దగ్గర మా ఊళ్లో దాతల డబ్బుతో ఐదు గదుల బడి కట్టబోతున్నాం. ఇప్పుడున్న రేకుల షెడ్డులో మార్చి వచ్చిందంటే పిల్లలు కూర్చోలేరు. కాంట్రాక్టరేమో "పైన సోలార్ పెట్టించండి సార్, గ్రీన్ బిల్డింగ్ అయిపోతుంది" అంటున్నాడు. నిజమేనా?

గోదారి_ఇంజినీరు:
సోలార్ సంగతి ఆఖర్న చూసుకోవచ్చండీ. ముందు ప్లాన్ తిప్పండి. బిల్డింగ్ పొడుగు తూర్పు పడమరలుగా, కిటికీలు ఉత్తరం, దక్షిణం వైపు రావాలి. మధ్యాహ్నపు ఎండను సజ్జా ఆపుతుంది. సాయంత్రం పడమటి ఎండ ఏటవాలుగా లోపలికే కొడుతుంది, సజ్జాతో ఆగదు. అటువైపు మెట్లో స్టోర్‌రూమో పెట్టేయండి. దీనికి అదనంగా పైసా ఖర్చు లేదు.

కడప_టీచరమ్మ:
మా బడి గోడలు రాట్ ట్రాప్ బాండ్. ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో బాగా వాడిన పద్ధతి. ఇటుకను అంచు మీద నిలబెట్టి కడతారు, గోడ మధ్యలో ఖాళీ ఉండిపోతుంది. ఇటుకలు దాదాపు 25 శాతం తగ్గుతాయి, వేడి కూడా తొందరగా లోపలికి దిగదు. చిక్కంతా మేస్త్రీతోనే! చేతి అలవాటు కొద్దీ ఆ ఖాళీలో మాలు కుక్కేస్తాడు. మేం ఖాళీ మీద సన్నటి చెక్క పెట్టించి, మాలు పరిచాక దాన్ని ముందుకు జరుపుకుంటూ పొమ్మన్నాం. రెండు రోజులు గొణిగాడు, తర్వాత తనే చెక్క అడిగి తీసుకున్నాడు. కరెంటు పైపులు ఎక్కడెక్కడో ముందే తేల్చుకోండి. కట్టాక గోడ కొట్టి గాడి తీస్తానంటే కుదరదు.

పాలమూరు_పిల్లోడు:
థాంక్స్ మేడం. మట్టి దిమ్మెలైతే ఎలా ఉంటుంది? మా దగ్గర ఎర్రమట్టి బోలెడు.

గోదారి_ఇంజినీరు:
ఇసుక పాలు బాగా ఉంటే భేషుగ్గా పనికొస్తుంది. పైమట్టి తీసేసి కింది మట్టి వాడాలి. మామూలుగా 5 నుంచి 8 శాతం సిమెంటు కలిపి మిషన్‌లో నొక్కుతారు. బట్టీ లేదు కాబట్టి బొగ్గూ కట్టెలూ మిగులుతాయి. కానీ దిమ్మెలు గట్టిపడేదాకా రోజూ తడపాల్సిందే. నల్లరేగడైతే ఆ ఆలోచనే వద్దు.

సిటీ_ఆర్కిటెక్ట్:
అందరూ గోడల దగ్గరే ఆగారు. ఒకే అంతస్తు బడికి అసలు వేడి స్లాబ్ నుంచే దిగుతుంది. ఫిల్లర్ స్లాబ్ చూడండి. స్లాబ్ అడుగు భాగంలో బరువు మోసేది ఇనుమే, అక్కడి కాంక్రీటు కాదు. ఆ చోట ఇనుప చువ్వల మధ్య, కాంక్రీటు బదులు మంగళూరు పెంకులు పెట్టి పోస్తారు. కాంక్రీటు తగ్గుతుంది, కింద నుంచి చూస్తే సీలింగ్ కూడా అందంగా ఉంటుంది. పైన ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ పెయింట్ వేయండి. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా.

మేస్త్రీ_కొడుకు:
దాతల డబ్బు కాబట్టి మీకు నడుస్తుందన్నా. మా ఊళ్లో సర్కారు ఫండ్స్‌తో కట్టేటప్పుడు ఎస్టిమేట్‌లో లేదని పెంకులకు బిల్లు రాయనన్నారు.

అనంత_రైతు:
నీళ్ల మాటే ఎత్తలేదేంటి? 100 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 500 మిల్లీమీటర్లు పడినా 50 వేల లీటర్లు. కొంత ఆవిరైపోయినా మిగిలింది తక్కువేం కాదు. తొలివాన దుమ్మునీళ్లు బయటికి వదిలేసి, మిగతావి సంపులోకి తిప్పండి.

పాలమూరు_పిల్లోడు:
సిటీ ఆర్కిటెక్ట్ గారూ, ఫిల్లర్ స్లాబ్ డ్రాయింగ్‌కి స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం కావాలి కదా? మా వైపు ఎవరైనా చేస్తారా?